ఇంటి నుంచే సోషల్ వర్క్ చదువు: నెల్లూరు, ప్రకాశం వాళ్ళకి ఏ దారి మేలు?

ఇంటర్ అయ్యాకో, డిగ్రీ చేతికొచ్చాకో, పిల్లలు బడికి పోవడం మొదలయ్యాకో 'జనంలో తిరిగి చేసే ఉద్యోగం కావాలి, దానికి ఆన్‌లైన్‌లో ఏం చదవాలి?' అని అడిగేవాళ్ళు ఈ మధ్య బాగా పెరిగారు. అడిగేవాళ్ళ ఫోన్లో అప్పటికే మూడు నాలుగు ప్రాస్పెక్టస్‌లు డౌన్‌లోడ్ అయి ఉంటాయి. ఇగ్నో అనే కేంద్ర ఓపెన్ యూనివర్సిటీది ఒకటి, ఎక్కడో బయటి రాష్ట్రంలోని ప్రైవేటు యూనివర్సిటీది ఒకటి, కేంద్ర ప్రభుత్వ ఆన్‌లైన్ వేదిక స్వయంలో కోర్సు ఒకటి. ఏది మంచిదంటే ఒక్క ముక్కలో తేలదు. ఎవరికి, ఏ ఉద్యోగానికి అన్నది ముందు తేలాలి.

ఈ పని మన జిల్లాలకి కొత్తేమీ కాదు. 1990ల మొదట్లో నెల్లూరు జిల్లా దూబగుంటలో రాత్రి బడికొచ్చి అక్షరాలు దిద్దిన ఆడవాళ్ళే సారా అంగడి మూయించారు. రోశమ్మ పేరు రాష్ట్రమంతా తెలిసింది. ఆ ఊపులోనే రోజుకో రూపాయి దాచే పొదుపులక్ష్మి సంఘాలు ఇక్కడ ఊరూరా పుట్టాయి. ఆ ఆడవాళ్ళని అర్హత ఏందని ఎవరూ అడగలేదు. ఇప్పుడు సంఘాలతో పని చేసే చిన్న కాంట్రాక్టు పోస్టుకి కూడా మెమోలు, ప్రొవిజనల్, అనుభవ పత్రం కావాలంటున్నారు. అందుకే ఈ లెక్కలన్నీ.

కోర్సు కంటే ముందు నోటిఫికేషన్ చదవండి

'కమ్యూనిటీ సర్వీస్' అనే పేరుతో ఉద్యోగం ఎక్కడా ఉండదు. ఒక్కో శాఖలో ఒక్కో పేరు, ఒక్కో అర్హత. మీకు కావాల్సిన పోస్టుకి గతంలో వచ్చిన నోటిఫికేషన్ జిల్లా వెబ్‌సైట్‌లో వెతికి పట్టుకుని, అర్హతల పేరా రెండుసార్లు చదవండి. కోర్సు సంగతి సగం అక్కడే తేలిపోతుంది.

పిల్లల రక్షణ వైపు చూస్తే, మిషన్ వాత్సల్య కింద ప్రతి జిల్లాలో బాలల సంరక్షణ విభాగం ఉంది. అందులో ఔట్‌రీచ్ వర్కర్‌కి ఇంటర్ సరిపోతుంది. సోషల్ వర్కర్‌కి డిగ్రీ ఉండాలి, అది సోషల్ వర్క్, సోషియాలజీ లాంటి సబ్జెక్టులో అయితే మేలు. ప్రొటెక్షన్ ఆఫీసర్‌కి సంబంధిత పీజీ గానీ, డిగ్రీతో పాటు అనుభవం గానీ అడుగుతారు. ఆడవాళ్ళ కోసం నడిచే సఖి వన్ స్టాప్ సెంటర్లలో కౌన్సెలర్, కేస్ వర్కర్ పోస్టులుంటాయి. పెద్దాసుపత్రుల్లో హెచ్‌ఐవీ పరీక్షా కేంద్రాల కౌన్సెలర్లకి సోషల్ వర్క్, సైకాలజీ, సోషియాలజీ లాంటి చదువులు చూస్తారు. అంగన్‌వాడీలని చూసే ఐసీడీఎస్‌లో సూపర్‌వైజర్, సీడీపీఓ (ప్రాజెక్టు అధికారి) పోస్టులకి గత నోటిఫికేషన్లలో హోంసైన్స్, సోషల్ వర్క్, సోషియాలజీ డిగ్రీలు అడిగారు. గ్రామ సచివాలయంలో వెల్ఫేర్ అండ్ ఎడ్యుకేషన్ అసిస్టెంట్‌కి 2019లో ఏదైనా డిగ్రీ చాలన్నారు. పల్లెల్లో పొదుపు సంఘాలని చూసే వెలుగు, పట్టణాల్లో చూసే మెప్మా సంగతి వేరు. అక్కడ సర్టిఫికెట్ ఎంత ముఖ్యమో, సంఘాలతో తిరిగిన అనుభవం అంత ముఖ్యం.

ప్రభుత్వం బయట స్వచ్ఛంద సంస్థలున్నాయి, కంపెనీల సీఎస్ఆర్ (సామాజిక బాధ్యత) విభాగాలున్నాయి. 2013 కంపెనీల చట్టం ప్రకారం ఒక స్థాయి దాటిన కంపెనీలు గత మూడేళ్ళ సగటు లాభంలో 2 శాతం సామాజిక పనులకి ఖర్చు పెట్టాలి. కృష్ణపట్నం రేవు చుట్టుపక్కల కంపెనీలున్న మన ప్రాంతంలో ఈ వైపు కూడా ఒక కన్నేసి ఉంచాలి. ఇలాంటి చోట్ల ఎంఎస్‌డబ్ల్యూ (సోషల్ వర్క్‌లో పీజీ) అనే మూడక్షరాలకి విలువుంది.

ఆన్‌లైన్‌లో అసలు కుదరనివి కూడా ఇక్కడే చెప్పేస్తాను. ఏఎన్ఎం, స్టాఫ్ నర్సు కావాలంటే కాలేజీకి పోవాల్సిందే. దూరవిద్యలో నర్సు అయిపోవచ్చని ఎవరన్నా చెబితే అక్కణ్ణుంచి లేచి వచ్చేయండి. దివ్యాంగ పిల్లలకి చదువు చెప్పే ఉద్యోగానికి ఆర్‌సీఐ (భారత పునరావాస మండలి) అనుమతి ఉన్న కోర్సే కావాలి. ఇక అంగన్‌వాడీ కార్యకర్త పోస్టుకి స్థానికురాలై, పెళ్ళై ఉండటం అసలు షరతు. దానికోసం వేలు పోసి డిప్లొమా కట్టనక్కర్లేదు.

వేటిని బట్టి ఎంచుకోవాలి

మొదటిది గుర్తింపు. దూరవిద్య, ఆన్‌లైన్ డిగ్రీలకి యూనివర్సిటీలని చూసే కేంద్ర సంస్థ యూజీసీ 2020లో నిబంధనలు తెచ్చింది. వాటి ప్రకారం అనుమతి ఉన్న యూనివర్సిటీ, అనుమతి ఉన్న కోర్సు అయితే ఆ డిగ్రీ రెగ్యులర్ డిగ్రీతో సమానం. ఇక్కడ చాలామంది ఒకటి పట్టించుకోరు. యూనివర్సిటీకి అనుమతి ఉంటే చాలదు. మీరు చేరే కోర్సుకి, మీరు చేరే సంవత్సరానికి, మీరు చేరే పద్ధతికి అనుమతి ఉండాలి. ఇవన్నీ యూజీసీ దూరవిద్యా బ్యూరో వెబ్‌సైట్‌లో కనిపిస్తాయి. టెలికాలర్ పంపిన స్క్రీన్‌షాట్ చూసి ఊరుకోకుండా మీరే తెరిచి చూడండి.

ఇంకో మెలిక 2025లో వచ్చింది. డాక్టరు, నర్సు కాని ఇతర ఆరోగ్య వృత్తుల (అలైడ్ హెల్త్) చట్టం కిందకి వచ్చే కోర్సుల్ని ఆ ఏడాది జులై–ఆగస్టు సెషన్ నుంచి దూరవిద్యలో, ఆన్‌లైన్‌లో నడపొద్దని యూజీసీ చెప్పింది. సైకాలజీ అలాగే ఆగిపోయింది. మెడికల్, సైకియాట్రిక్ సోషల్ వర్కర్లు కూడా ఆ చట్టం జాబితాలో ఉన్నారు. కాబట్టి ఆసుపత్రి కౌన్సెలింగ్ మీద మనసున్నవాళ్ళు పాత వీడియోలు చూసి ఫీజు కట్టకూడదు. మామూలు ఎంఎస్‌డబ్ల్యూ వేరు, కౌన్సెలింగ్ స్పెషలైజేషన్ వేరు. చేరే సెషన్ జాబితాలో ఏది ఉందో చూసుకోవాలి.

రెండోది ఫీల్డ్ వర్క్. నన్నడిగితే అసలు దీన్నే మొదట పెట్టాలి. సోషల్ వర్క్‌లో పాఠం వీడియోలో వినొచ్చు, పరీక్ష ఎలాగో రాయొచ్చు. ఇంటర్వ్యూలో మాత్రం మొదటి ప్రశ్న 'ఫీల్డ్ వర్క్ ఎక్కడ చేశావమ్మా?' అనే. ఆ ప్రశ్న దగ్గర చాలామంది నీళ్ళు నములుతారు.

ఫీల్డ్ వర్క్ జర్నల్ చూస్తే మనిషి తెలిసిపోతుంది. కొన్ని జర్నల్స్‌లో మొదటి పేజీ నుంచి చివరి దాకా ఒకే పెన్ను, ఒకే దస్తూరి, ప్రతి రోజూ ఉదయం పది నుంచి ఒంటిగంట దాకా 'గ్రామాన్ని సందర్శించి అవగాహన కల్పించితిని'. ఒక్క మనిషి కూడా ఆ పేజీల్లో కనిపించడు. అవి ఒక్క రాత్రిలో కూర్చుని రాసినవని ఎవరికైనా అర్థమైపోతుంది. మరో రకం జర్నల్‌లో ఒక యానాది గిరిజన కాలనీ గురించి ఉంటుంది. పన్నెండు ఇళ్ళు, బడికి పోని పిల్లలు ఐదుగురు, వాళ్ళలో ముగ్గురికి పుట్టిన తేదీ కాగితం లేక ఆధార్ రాలేదు. సచివాలయానికి ఎన్నిసార్లు పోవాల్సొచ్చింది, ఎవరు రేపు రమ్మన్నారు, తల్లి రొయ్యల గుంట పనికి పోయుంటే సంతకానికి సాయంత్రం దాకా ఎలా కూర్చున్నారు, ఇవన్నీ అందులో ఉంటాయి. కొట్టివేతలుంటాయి, ఒక పేజీ మీద టీ మరక ఉంటుంది. ఉద్యోగం ఇచ్చేవాళ్ళు వెతికేది ఇట్లాంటి జర్నల్ రాసినవాళ్ళ కోసమే.

కాబట్టి ఏ కోర్సయినా సరే మూడు ప్రశ్నలు అడగండి. ఫీల్డ్ వర్క్ తప్పనిసరా? నా జిల్లాలోనే చేయొచ్చా? పైన చూసే సూపర్‌వైజర్ నిజంగా మనిషేనా, లేక పోర్టల్‌లో ఒక ఫైల్ అప్‌లోడ్ చేస్తే సరిపోతుందా? మూడో ప్రశ్నకి 'అప్‌లోడ్ చేస్తే చాలు మేడం, టెన్షన్ పడొద్దు' అని జవాబొస్తే, టెన్షన్ పడాల్సింది అప్పుడే.

మూడోది భాష. దీని గురించి ఎవరూ ముందు చెప్పరు. ఇగ్నో సోషల్ వర్క్ కోర్సులు ఇంగ్లిష్, హిందీల్లో ఉంటాయి. ఉదయగిరిలోనో కనిగిరిలోనో తెలుగు మీడియంలో డిగ్రీ చేసిన మనిషికి ఇది చిన్న గోడ కాదు. ఒక పని చేయండి. ఇగ్నో పుస్తకాలన్నీ ఈజ్ఞానకోశ్ అనే వెబ్‌సైట్‌లో ఉచితంగా ఉన్నాయి. ఫీజు కట్టకముందే ఎంఎస్‌డబ్ల్యూ మొదటి ఏడాది పుస్తకం ఒకటి తెరిచి పది పేజీలు చదవండి. డిక్షనరీతో కుస్తీ పడైనా సరే, చదివింది ఇంట్లో ఎవరికైనా తెలుగులో చెప్పగలిగితే ముందుకి పోవచ్చు. అసలు కొరుకుడు పడకపోతే ఒక ఆరు నెలలు ఇంగ్లిష్ మీద కూర్చుని తర్వాతి సెషన్‌లో చేరినా నష్టమేమీ లేదు.

డబ్బు, టైం సంగతి అందరికీ తెలిసిందే. ఒక్క విషయం గుర్తుంచుకోండి. రాష్ట్ర ప్రభుత్వ ఫీజు రీయింబర్స్‌మెంట్ దూరవిద్యకి వర్తించదు. ఫీజు మీ చేతి నుంచే.

దారులు పక్కపక్కన

| దారి | ప్రవేశం | కాలం | ఫీల్డ్ వర్క్ | ఎవరికి నప్పుతుంది |
|---|---|---|---|---|
| ఇగ్నో బీఎస్‌డబ్ల్యూ (సోషల్ వర్క్‌లో డిగ్రీ) | ఇంటర్ | 3 ఏళ్ళు, 6 ఏళ్ళ దాకా పూర్తి చేయొచ్చు | తప్పనిసరి | డిగ్రీ లేనివాళ్ళు, పనిలో ఉన్నవాళ్ళు |
| ఇగ్నో ఎంఎస్‌డబ్ల్యూ | ఏదైనా డిగ్రీ | 2 ఏళ్ళు, 4 ఏళ్ళ దాకా | తప్పనిసరి | డిగ్రీ ఉండి ఊరు కదల్లేనివాళ్ళు |
| ప్రైవేటు ఆన్‌లైన్ ఎంఎస్‌డబ్ల్యూ | ఏదైనా డిగ్రీ | 2 ఏళ్ళు | యూనివర్సిటీని బట్టి | ఇంగ్లిష్ వచ్చి, ఫీజు భరించగలిగినవాళ్ళు |
| ఎన్‌ఐఆర్‌డీపీఆర్ (జాతీయ గ్రామీణాభివృద్ధి సంస్థ) పీజీ డిప్లొమా | డిగ్రీ | ఏడాదిన్నర దాకా | ప్రాజెక్టు | ఇప్పటికే గ్రామీణాభివృద్ధిలో ఉన్నవాళ్ళు |
| స్వయం కోర్సులు | ఎవరైనా | కొన్ని వారాలు | లేదు | రుచి చూసేవాళ్ళు |
| రెగ్యులర్ ఎంఎస్‌డబ్ల్యూ | డిగ్రీ, పీజీసెట్ (ప్రవేశ పరీక్ష) | 2 ఏళ్ళు | తప్పనిసరి | రోజూ క్లాసుకి పోగలిగినవాళ్ళు |

ఇగ్నో

1985లో పెట్టిన కేంద్ర యూనివర్సిటీ కాబట్టి గుర్తింపు గురించి బెంగ లేదు. జనవరి, జులై సెషన్లలో ప్రవేశాలు, జూన్, డిసెంబరుల్లో పరీక్షలు. మార్కుల్లో 30 శాతం అసైన్‌మెంట్లకి, 70 శాతం పరీక్షకి. రెండేళ్ళ కోర్సు నాలుగేళ్ళ దాకా సాగదీసుకునే వీలుండటం ఇంట్లో పెద్దవాళ్ళు, పిల్లలు ఉన్న ఆడవాళ్ళకి పెద్ద ఊరట. ఒక డిసెంబరు పోయినా చదువు పోదు.

ఇబ్బందులూ ఉన్నాయి. అన్ని స్టడీ సెంటర్లలో అన్ని కోర్సులూ ఉండవు. అప్లికేషన్లో సెంటర్ పేరు ఎంచుకునే ముందు ఆ సెంటర్‌లో ఎంఎస్‌డబ్ల్యూ నడుస్తోందా అని నేరుగా కనుక్కోండి. సెంటర్ దూరమైతే ఫీల్డ్ వర్క్ సూపర్‌వైజర్‌ని కలవడానికి మార్కాపురం, ఎర్రగొండపాలెం వైపు వాళ్ళకి ఒక రోజంతా ప్రయాణానికే పోతుంది. ఇంకా అసైన్‌మెంట్లు గడువులోగా పంపడం, స్టేటస్‌లో ఎక్కిందో లేదో చూసుకోవడం, ఎక్కకపోతే వెంటపడటం, ఇవన్నీ మీ నెత్తినే. మీ తరఫున గుర్తుచేసేవాళ్ళు ఉండరు. ఈ క్రమశిక్షణ లేనివాళ్ళకి ఇగ్నో మొదలవుతుంది గానీ పూర్తి కాదు. అయినా నా ఓటు ఎక్కువమంది విషయంలో దీనికే.

ప్రైవేటు ఆన్‌లైన్ డిగ్రీలు

యాప్ బాగుంటుంది, రికార్డు చేసిన క్లాసు రాత్రి పదకొండుకి కూడా చూసుకోవచ్చు, ఫోన్ చేస్తే ఎత్తుతారు. ఫీజు ఎక్కువ, ఈఎంఐ అంటారు. ఆ ఈఎంఐ చాలాసార్లు యూనివర్సిటీకి కాదు, మధ్యలో ఉన్న లోన్ కంపెనీకి కడతారు. చదువు మధ్యలో ఆపేసినా వాయిదా ఆగదు. సంతకం పెట్టే ముందు ఆ కాగితం ఎవరి పేరు మీద ఉందో చూడండి.

ఊళ్ళో 'మా దగ్గర స్టడీ సెంటర్ ఉంది, పరీక్ష కూడా మేమే చూసుకుంటాం' అని బోర్డు పెట్టినవాళ్ళతో ఇంకా జాగ్రత్త. ఫ్రాంచైజీ పద్ధతిలో డిగ్రీలు నడపడాన్ని యూజీసీ ఒప్పుకోదు. 'పరీక్ష మేం చూసుకుంటాం' అన్న మాటకి అర్థం మీకు తెలుసు. ఆ డిగ్రీ వెరిఫికేషన్‌లో పోతే చూసుకోవడానికి వాళ్ళుండరు.

ఎన్‌ఐఆర్‌డీపీఆర్ డిప్లొమాలు

హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని జాతీయ గ్రామీణాభివృద్ధి, పంచాయతీరాజ్ సంస్థ దూరవిద్యలో సుస్థిర గ్రామీణాభివృద్ధి, గిరిజనాభివృద్ధి నిర్వహణ లాంటి పీజీ డిప్లొమాలు నడుపుతుంది. ఇవి డిగ్రీకి బదులు కావు. సోషల్ వర్క్ పీజీ అడిగిన పోస్టుకి ఈ కాగితం చూపిస్తే పక్కన పెడతారు. కానీ వెలుగులోనో, సంస్థలోనో ఇప్పటికే పని చేస్తూ ప్రమోషన్ కోసమో, పెద్ద ప్రాజెక్టు కోసమో చూస్తున్నవాళ్ళకి బరువైన సర్టిఫికెట్. గిరిజనాభివృద్ధి డిప్లొమా సంగతి ప్రత్యేకంగా చెబుతున్నాను. నెల్లూరులో యానాదుల కోసమే ఐటీడీఏ (గిరిజనాభివృద్ధి సంస్థ) ఉంది, ఉమ్మడి ప్రకాశం జిల్లాలో నల్లమల అంచున చెంచు గూడేలున్నాయి. ఆ పనిలో ఉన్నవాళ్ళకి చదివింది మర్నాడే పనికొస్తుంది.

స్వయం, చిన్న కోర్సులు

2017లో మొదలైన స్వయంలో చదువు ఉచితం, సర్టిఫికెట్ కావాలంటే పరీక్ష ఫీజు కట్టి కేంద్రానికి పోయి రాయాలి. కోర్సెరాలో జాన్స్ హాప్‌కిన్స్ వాళ్ళ సైకలాజికల్ ఫస్ట్ ఎయిడ్ కోర్సు లాంటివీ ఉన్నాయి. తుపానులకి అలవాటైన తీరంలో పని చేసేవాళ్ళు అది చూడొచ్చు. వీటితో ఉద్యోగం రాదు. ఈ రంగం మీకు పడుతుందా లేదా అన్నది రెండు నెలల్లో తెలుస్తుంది, అంతవరకే.

ఎవరు ఎటు?

ఇరవై రెండేళ్ళు, డిగ్రీ అయింది, ఇంట్లో బాధ్యతలు లేవు, నెల్లూరు చుట్టుపక్కలే ఉంటారు. అలాంటప్పుడు ఆన్‌లైన్ ఎందుకు? కాకుటూరులోని విక్రమ సింహపురి యూనివర్సిటీలో ఎంఎస్‌డబ్ల్యూ ఉంది, పీజీసెట్ రాసి చేరండి. వారం వారం ఫీల్డ్‌కి పంపుతారు, పక్కన మాస్టారు ఉంటారు, తోటివాళ్ళే రేపు జిల్లాలో మీకు పరిచయాలవుతారు. ఆడపిల్లల యూనివర్సిటీ అయితేనే పంపుతామంటే, తిరుపతి పద్మావతి మహిళా యూనివర్సిటీలో సోషల్ వర్క్ విభాగం ఉందని ఇంట్లో చెప్పి చూడండి. వీలున్నవాళ్ళకి రెగ్యులరే మేలని మొహమాటం లేకుండా చెబుతాను.

పొదుపు సంఘంలో లెక్కలు రాసే యానిమేటర్‌గా ఏళ్ళ తరబడి పని చేసిన అక్కలు వేరే. వాళ్ళ దగ్గర అనుభవం దండిగా ఉంది, లేనిది కాగితం. ఇంటర్ ఉంటే ఇగ్నో బీఎస్‌డబ్ల్యూ వాళ్ళకి సరైన దారి. పదితో ఆగిపోయినవాళ్ళు ముందు ఓపెన్ స్కూల్‌లో ఇంటర్ కట్టాలి. మొత్తం కలిపితే ఐదారేళ్ళ ప్రయాణం, తక్కువ కాదు. కానీ ఫీల్డ్ వర్క్‌లో రాయాల్సింది వాళ్ళు రోజూ చేసే పనే కాబట్టి అక్కడ వాళ్ళని మించినవాళ్ళు లేరు.

ఒంగోలులో బీకాం చేసి ప్రైవేటు ఉద్యోగం చేస్తూ 'ఇది నా పని కాదు' అనుకునేవాళ్ళు ముందు ఒక స్వయం కోర్సు, ఆదివారాలు ఏదైనా సంస్థలో వలంటీరు పని. ఒక ఆరు నెలలు చూశాక కూడా మనసు అక్కడే ఉంటే ఇగ్నో ఎంఎస్‌డబ్ల్యూ. ఉద్యోగం అప్పుడే మానకండి. జిల్లా స్థాయి కాంట్రాక్టు పోస్టుల్లో జీతం తక్కువ, అది కూడా కొన్నిసార్లు నెలలు నిలిచిపోతుంది. ఇంటి వాయిదాలు ఉన్నవాళ్ళు ఆ లెక్క వేసుకున్నాకే దిగాలి. రెగ్యులర్ డిగ్రీ చదువుతూ ఉన్నవాళ్ళు దానితో పాటే దూరవిద్యలో ఇంకో కోర్సు చేయడానికి 2022 నుంచి యూజీసీ ఒప్పుకుంటోంది.

భర్త ఆస్ట్రేలియాలో ఉండి, అక్కడికి పోయాక ఈ రంగంలో చేరదామనుకునే అమ్మాయిలు కూడా అడుగుతుంటారు. 'కమ్యూనిటీ సర్వీసెస్ డిప్లొమా' అన్న పేరు ఎక్కువ వినిపించేది అక్కడే. వృద్ధుల సంరక్షణ ఉద్యోగాలకి అక్కడ అడిగే సర్టిఫికేట్ 3 కోర్సులో కనీసం 120 గంటలు పని చోట శిక్షణ ఉంటుంది. ఇక్కడ కూర్చుని వీడియోలు చూస్తే ఆ గంటలు రావు. ఇప్పుడు డబ్బు కట్టకుండా, అక్కడ దిగాక అక్కడి ప్రభుత్వ జాబితాలో ఉన్న సంస్థలోనే చేరడం మంచిది. వెళ్ళే లోపు ఇంగ్లిష్ మాట్లాడటం మీద పెట్టిన రోజులు వృథా పోవు.

అప్లికేషన్‌కి ముందు ఒక పని

దూరవిద్యలో చేరాలంటే ఇప్పుడు యూజీసీ దూరవిద్యా బ్యూరో ఇచ్చే డీఈబీ ఐడీ కావాలి, దానికి ముందు విద్యార్థి క్రెడిట్లు నమోదయ్యే ఏబీసీ ఐడీ కావాలి. ఏబీసీ ఐడీ డిజిలాకర్‌లో ఆధార్‌తో వస్తుంది. చిక్కు పేరు దగ్గరే. పదో తరగతి మెమోలో పుట్టింటి ఇంటిపేరు, ఆధార్‌లో అత్తగారి ఇంటిపేరు ఉన్న ఆడవాళ్ళు మన దగ్గర లెక్కలేనంతమంది. ఒకచోట ఇంటిపేరు పూర్తిగా, ఇంకోచోట ఒక్క అక్షరంగా ఉన్నా పోర్టల్ ఒప్పుకోకపోవచ్చు. పదో తరగతి మెమో, ఇంటర్ మెమో, డిగ్రీ, ఆధార్ నాలుగూ ఒక టేబుల్ మీద పరిచి పేరు, పుట్టిన తేదీ అక్షరం అక్షరం సరిచూసుకోండి. తేడా ఉంటే ఆధార్‌నే మెమోకి తగ్గట్టు మార్పించుకోవడం తేలిక, మెమో మార్పించడం తలనొప్పి. జులై సెషన్‌కి చేరాలనుకునేవాళ్ళు ఈ పని ఎండాకాలంలోనే మొదలుపెడితే ఆఖరి వారంలో ఆధార్ సెంటర్ల చుట్టూ తిరగాల్సిన అవసరం రాదు.